క్వెవ్రి అంబర్ వైన్: తయారయ్యే తీరు, విశాఖలో దాచి వడ్డించే పద్ధతి

తెల్ల ద్రాక్షతో చేసినా తేనె రంగులో ఉండి, నాలుకను పట్టే వగరుతో మొదలయ్యే జార్జియా దేశపు అంబర్ వైన్‌ను మామూలు వైట్ వైన్ లాగా గడ్డకట్టేంత చల్లబరచి తాగితే అందులోని వగరు, చేదు మాత్రమే నోటికి అందుతాయి. పరిమళం సీసాలోనే ఉండిపోతుంది. ఈ వైన్‌ను ఎలా దాచాలి, ఎంత చల్లదనంలో పోయాలి, ఏ వంటకంతో తాగాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబులు అది తయారైన తీరులోనే ఉన్నాయి గనుక, ముందుగా ఆ తీరును కొంచెం ఓపికగా తెలుసుకోవడం మంచిది.

క్వెవ్రి అంటే గుడ్డు ఆకారంలో, అడుగున కోసుగా ఉండే పెద్ద మట్టిపాత్ర. కకేతి ప్రాంతంలోని వర్దిసుబాని, ఇమెరేతిలోని మకతుబాని వంటి ఊళ్లలో కుమ్మరులు సారె వాడకుండా మట్టిని చుట్టలుగా పేర్చి, ఒక వరుస కొంత ఆరిన తరువాత మరో వరుస ఎక్కిస్తూ వారాల తరబడి దానిని నిలబెడతారు. కాల్చి తీసిన పాత్ర ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. ఈ మైనం మట్టిలోని రంధ్రాలను పూర్తిగా మూయదు, చిన్నవి చేస్తుంది. అందువల్ల వైన్ కారిపోదు, పాత్రను కడగడమూ సాధ్యపడుతుంది. మన పల్లెల్లో ధాన్యానికి పాతర తవ్వినట్టే అక్కడ 'మరాని' అనే వైన్ గదిలో ఈ పాత్రను మెడ వరకు నేలలో పాతుతారు. జార్జియాలో దొరికిన మట్టిపాత్రల పెంకుల్లో సుమారు 8,000 ఏళ్ల నాటి ద్రాక్ష వైన్ ఆనవాళ్లను పరిశోధకులు గుర్తించినట్టు 2017లో వెల్లడైంది. అంతకు ముందే, 2013లో, క్వెవ్రి పద్ధతిని యునెస్కో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగే కోతను 'ర్త్వేలి' అంటారు. ర్కత్సితేలి, మ్త్స్వానె, కిసి వంటి తెల్ల ద్రాక్ష రకాలను తొట్టిలో కాళ్లతో తొక్కి, రసంతో పాటు తొక్కలు, గింజలు, ముగ్గిన కాడలు కూడా క్వెవ్రిలోకి దింపుతారు. పులియడం మొదలయ్యాక మట్టం పొంగుతుంది గనుక పైన కొంత ఖాళీ వదులుతారు. విడిగా ఈస్ట్ కలపకుండా ద్రాక్షపైన, మరానిలో సహజంగా ఉండే ఈస్టుతోనే రసం పులుస్తుంది. అప్పుడు పుట్టే వాయువు తొక్కలను పైకి నెట్టి దళసరి పొరగా నిలబెడుతుంది. ఆ పొర గాలికి ఎండితే వైన్ వినిగర్‌గా మారే ప్రమాదం ఉంది గనుక రోజుకు అనేకసార్లు, రాత్రి పూట కూడా, పొడవైన కర్రతో దానిని లోపలికి అణచాలి. నా దృష్టిలో ఈ పద్ధతిలో మనిషి నైపుణ్యం ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

పొంగు తగ్గిన తరువాత తొక్కలు తమంతట తాము అడుగుకు దిగుతాయి. అప్పుడు పాత్రను నిండుగా నింపి, రాతి మూతను తడి మట్టితో బిగించి, వసంతం వరకు వదిలేస్తారు. అడుగు కోసుగా ఉండడం వల్ల గింజలు ముందుగా ఆ ఇరుకులోకి చేరి, వాటిపైన మడ్డి, తొక్కలు పరుచుకుంటాయి. దాంతో గింజల్లోని కటువైన చేదు వైన్‌లోకి అంతగా దిగదు. ఈ నెలల్లోనే పచ్చికాయ పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, తొక్కల నుంచి రంగు, వగరునిచ్చే టానిన్లు వైన్‌కు పడతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మూత తీసి తేరిన వైన్‌ను వేరే పాత్రలోకి మార్చి, మిగిలిన పిప్పిని బట్టీ పట్టి 'చాచా' అనే ఘాటైన సారాయి తీస్తారు. ఖాళీ అయిన క్వెవ్రిని కడగడం పెద్ద శ్రమ. చెర్రీ చెట్టు బెరడుతో చేసిన కుంచెతో లోపలి గోడలను ఓపికగా రుద్దుతారు.

ఇదంతా చదివిన వారికి పెరట్లో ఒక కాగు పాతిపెట్టి ప్రయత్నిద్దామని అనిపించవచ్చు. విశాఖలో అది కుదరదు. నేలలో కొన్ని మీటర్ల లోతున ఉండే ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. కకేతి నేల క్వెవ్రికి సుమారు 13 నుంచి 15 డిగ్రీల చల్లదనం ఇస్తే, మన తీరంలో అది 27 డిగ్రీల పైమాటే. అంత వెచ్చదనంలో తొక్కలతో నెలల పాటు ఉంచిన రసం వినిగర్ వైపు మళ్లే అవకాశమే ఎక్కువ. పైగా లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం మన రాష్ట్ర చట్టం ప్రకారం నేరం. కాబట్టి తయారీని జార్జియాకే వదిలి, మంచి సీసాను ఎంచుకోవడం మీద దృష్టి పెట్టాలి.

ఎంచుకునేటప్పుడు లేబుల్ మీద 'క్వెవ్రి' అన్న మాట ఉందో లేదో చూడాలి, ఎందుకంటే తొక్కలతో పులియబెట్టిన వైన్లన్నీ మట్టిపాత్రలో తయారైనవి కావు. తరువాత ప్రాంతం చూడాలి. కకేతి పద్ధతిలో తొక్కలన్నీ అయిదారు నెలల పాటు వైన్‌లోనే ఉంటాయి గనుక రంగు ముదురుగా, వగరు గట్టిగా ఉంటుంది. ఇమెరేతిలో తొక్కల్లో కొంత భాగాన్నే వేసి తక్కువ కాలం ఉంచుతారు గనుక వైన్ తేలికగా ఉంటుంది. మొదటిసారి తాగేవారికి ఇమెరేతి సీసానే నయం. విదేశం నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకునేవారికి కస్టమ్స్ సుంకం లేని పరిమితి మనిషికి 2 లీటర్లు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు.

ఇంటికి తెచ్చిన సీసాకు విశాఖలో పెద్ద శత్రువు వేడి. ఎండాకాలంలో అలమరలో పెడితే కొన్ని వారాలకే వైన్ ఉడికిన రుచికి వస్తుంది. వైన్ ఫ్రిజ్ ఉంటే 13 డిగ్రీల దగ్గర, చీకటిలో, కార్కు తడిసేలా పడుకోబెట్టాలి. అది లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో తక్కువ చల్లగా ఉండే అరలో పెట్టి, కొద్ది నెలల్లోనే తాగేయడం మేలు.

చాలా క్వెవ్రి వైన్లను వడకట్టరు. అందువల్ల తెరవడానికి ఒక రోజు ముందు సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. తాగే ముందు ఫ్రిజ్ నుంచి తీసి ఓ అరగంట బయట ఉంచి, మడ్డి కదలకుండా వెడల్పాటి జగ్గులోకి వంచి గాలి తగలనివ్వాలి. వైన్ 13 నుంచి 16 డిగ్రీల మధ్య, అంటే దాదాపు క్వెవ్రిలో ఉన్న చల్లదనంలోనే ఉన్నప్పుడు ఎండు ఖుబానీ, అక్రోటు, తేనె వాసనలు పలుకుతాయి. మన ఉక్కలో గ్లాసు త్వరగా వేడెక్కుతుంది గనుక కొంచెం కొంచెంగా పోసుకోవాలి. గ్లాసు గిన్నెలా వెడల్పుగా, పెద్దదిగా ఉండాలి. మంచు ముక్కలు మాత్రం ఎన్నడూ వేయవద్దు.

ఇది భోజనంతో తాగవలసిన వైన్. జార్జియాలో వేయించిన వంకాయను అక్రోటు ముద్దతో కలిపి తింటారు. మన గుత్తివంకాయలోని వేరుసెనగ, నువ్వుల మసాలా ఆ వగరుకు అంతే చక్కగా సరిపోతుంది. అరకు బొంగు చికెన్‌లోని పొగ వాసనకు కకేతి వైన్, రొయ్యల ఇగురుకు ఇమెరేతి వైన్ నప్పుతాయి. కానాగంతల వంటి నూనె చేపలతో టానిన్ ఎక్కువున్న వైన్ తాగితే నోట్లో లోహపు రుచి వచ్చే అవకాశం ఉంది. చందువ ఆ ఇబ్బంది పెట్టదు. ఏ కూరైనా కారం సగానికి తగ్గించి వండాలి, ఎందుకంటే ఘాటైన కారం మద్యం మంటను, వగరును పెంచి మిగతా రుచులను కప్పేస్తుంది. చేపల పులుసులో చింతపండు పులుపు వైన్ పులుపును మెత్తబరుస్తుంది గనుక, కారం తగ్గిస్తే అదీ బాగానే కుదురుతుంది.

సీసాలో వైన్ మిగిలితే కార్కు బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. టానిన్ల వల్ల ఇది సాధారణ వైట్ వైన్ కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది, రెండో రోజున మరింత మెత్తబడే సీసాలూ ఉంటాయి.