ఫోన్ లేకుండా కాల్ రూమ్‌లో కూర్చోవడం నేర్పండి

నేను స్కూలు పిల్లలకు స్ప్రింట్స్ నేర్పే కోచ్‌ని. ఇళ్లలో పెద్దవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది తిండి గురించి కాదు, ఫోన్ గురించే. "మీరు చెబితే వింటాడు మేడమ్, కాస్త మాన్పించండి" అంటారు. రియో ఒలింపిక్స్‌కు ముందు సింధుకు గోపీచంద్ మూడు నెలలు ఫోన్ ఇవ్వలేదు కదా, మేమూ లాగేసుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. 2016లో సింధుకు 21 ఏళ్లు, కోచ్ మీద పూర్తి గురి. పద్నాలుగేళ్ల పిల్లాడి దగ్గర కోపంగా లాక్కుంటే వాడు ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తాడు.

నేను కాల్ రూమ్ దగ్గర మొదలుపెడతాను. రేసుకు ముందు పేర్లు పిలిచి పిల్లల్ని కూర్చోబెట్టే చోటు అది. పోటీ జరిగే చోటికి ఫోన్ తీసుకెళ్లకూడదన్నది అథ్లెటిక్స్ రూల్. పొద్దున్నుంచి రీల్స్ తిప్పిన పిల్లకు అక్కడ చేతులు ఏం చేసుకోవాలో తెలియదు. బిబ్ (ఛాతీ మీది నంబరు కాగితం) పిన్నులు తీసి మళ్లీ పెట్టుకుంటుంది, పక్క లేన్ అమ్మాయి స్పైక్స్ (మేకుల బూట్లు) చూసి బెదిరిపోతుంది. టెన్షన్ అందరికీ ఉంటుంది. దాన్ని పట్టుకుని కాసేపు ఊరికే కూర్చోవడం మాత్రం అలవాటు చేయాలి.

అందుకే టైమ్ ట్రయల్ రోజు, అంటే ప్రాక్టీస్‌లోనే టైమ్ పెట్టి పరిగెత్తించే రోజు, వార్మప్ అవగానే ఫోన్లు బ్యాగుల్లోకి, బ్యాగులు గ్యాలరీలోకి. ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చోవాలి. మాట్లాడుకోవచ్చు, కళ్లు మూసుకుని తమ స్టార్ట్‌ను ఊహించుకోవచ్చు. మొదట్లో కాళ్లు ఊపుతారు, ఖాళీ జేబు తడుముకుంటారు. తిట్టకండి. ఇరవై కుదరకపోతే ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి. పరుగు అయ్యాక అదే ఫోన్‌లో స్లో మోషన్‌లో వాళ్ల స్టార్ట్ చూపించండి. ఫోన్ ఎందుకు పనికొస్తుందో వాళ్లకే తెలుస్తుంది.

ఇక నిద్ర. టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఛార్జర్లన్నీ హాల్లో పెట్టండి, అమ్మానాన్నల ఫోన్లతో సహా. అలారానికి ఒక టేబుల్ గడియారం కొనండి. అలారం పేరు చెప్పే ఫోన్ దిండు కిందికి చేరుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఓడిన రాత్రి. 2022 ఆసియా కప్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్‌లో ఒక క్యాచ్ వదిలేసినందుకు అర్ష్‌దీప్ సింగ్‌ను ఆన్‌లైన్‌లో ఎన్ని మాటలన్నారో చూశాం. మన పిల్లలకు అంత గుంపు అక్కర్లేదు, క్లాస్ గ్రూపులో నాలుగు నవ్వుల ఎమోజీలు చాలు. ఓడితే తెల్లారేదాకా గ్రూపులు తెరవకూడదని మీట్‌కు ముందే మాట తీసుకోండి. ఆ సాయంత్రం ఇష్టమైనది వండిపెట్టండి, టైమింగ్ ఊసెత్తకండి. గెలిచినా సరే, రేసు వీడియో మీ స్టేటస్‌లో పెట్టే ముందు పిల్లను అడగండి.

ఇవన్నీ చేసినా కొన్ని వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి తగ్గినా, గ్రౌండ్ అంటేనే ముఖం తిప్పుకున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదని పిల్ల నోట వస్తే వారాలు చూడొద్దు, ఆ పూటే చేయండి, ఒంటరిగా వదలకండి. కోచ్‌కూ చెప్పండి. టీమ్‌లోంచి తీసేస్తారని దాచే ఇళ్లు చూశాను. నా దగ్గరైతే ఆ పిల్ల లేన్ ఆ పిల్లదే.