పండుగ పూట మనసు బాగాలేదా? ముందు మందుల స్ట్రిప్ చూడండి

డిసెంబర్ సగం దాటిందంటే కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్ల మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. పొద్దున లేవబుద్ధి కాదు, చుట్టాలు వస్తున్నారంటే దడ, ఏ కారణం లేకుండా ఏడుపు. నెట్‌లో చూసి చాలామంది పేరు కూడా పెట్టుకుని వస్తారు, ‘చలికాలం డిప్రెషన్’ అని. వేళకు తినడం, నడవడం, రాత్రి ఫోన్ పక్కన పెట్టడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

లక్షణం: ఎంత పడుకున్నా మత్తు, పొద్దంతా బద్ధకం

ముందు ఎండ సంగతి చూడండి. 1984లో అమెరికాలో రోసెంతాల్ బృందం ఈ చలికాలపు డిప్రెషన్‌ను వర్ణించింది. భూమధ్యరేఖకు దూరంగా, శీతాకాలంలో పగలు బాగా కుదించుకుపోయే చోట్ల అది ఎక్కువ. నల్లగొండ, పాలమూరులలో డిసెంబర్ 21న కూడా పగలు 11 గంటలు ఉంటుంది. ఎండకు కొదవ లేదు, మనమే ఎండలోకి పోవట్లేదు. పైగా మన దగ్గర పొద్దు అన్నిటికన్నా ఆలస్యంగా పొడిచేది జనవరిలో, సంక్రాంతి రోజుల్లోనే. సెలవులకు వచ్చిన పిల్లలు పది దాకా దుప్పటి తీయరు. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు పగలంతా కిటికీలు మూసి పడుకుంటారు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురు కొన్ని వందల లక్సులే, మబ్బు పట్టినా ఆరుబయట వేలల్లో ఉంటుంది.

లేచిన గంటలోపు వాకిట్లోనో డాబా మీదనో అరగంట కూర్చోండి, చాయ్ అక్కడే తాగండి. సూర్యుణ్ణి చూడాల్సిన పని లేదు. సెలవైనా సరే, లేచే టైమ్ మార్చకండి. రెండు వారాలు ఇది చేయకుండా వేరే కారణాలు వెతకొద్దు. రాత్రి షిఫ్టు వాళ్లు మాత్రం ఎప్పుడు ఎండలో కూర్చోవాలో డాక్టర్‌ను అడగండి.

లక్షణం: బాగానే ఉన్న మనిషి పండుగ వారంలో ఒక్కసారిగా మారిపోవడం

అందరూ మోసపోయేది ఇక్కడే. తల తిప్పుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. నిద్ర తెగిపోతుంది, పీడకలలు వస్తాయి, చిన్న మాటకే కోపం. ఇంట్లోవాళ్లు ప్రయాణం పడలేదంటారు, దిష్టి తగిలిందంటారు, సకినాల పనికి అలసిపోయిందంటారు. ఆ మనిషి డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు వాడుతుంటే, ముందు అనుమానించాల్సింది అవి ఆగిపోయాయేమోనని. చాలా రకాల డిప్రెషన్ మందులు ఒక్కసారిగా మానేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇవన్నీ మొదలవుతాయి. పాత జబ్బు తిరగబెట్టడం మామూలుగా వారాల మీద జరుగుతుంది. రోజుల్లోనే తేడా వచ్చిందంటే మందు వైపు చూడండి.

ఎట్లా ఆగుతాయి? స్ట్రిప్ హైదరాబాద్‌లోనే మర్చిపోతారు. ఊళ్లోని మెడికల్ షాపులో ఆ మందు ఉండదు, ఉన్నా చీటీ లేనిదే ఇవ్వరు, మండల కేంద్రంలో షాపు భోగి నుంచి మూసి ఉంటుంది. కొత్త కోడలు అత్తగారింట్లో, అల్లుడు మామగారింట్లో ‘పిచ్చి మందులు’ అంటారేమోనని బ్యాగులో నుంచి బయటికే తీయరు. పండుగ మూడు రోజులు తాగాలని మందు మానేసే మగవాళ్లు ఉన్నారు. వీళ్లలో ఎవరూ తమంతట తాము ఈ సంగతి చెప్పరు, అందుకే దొరకదు.

“మందులు వేసుకుంటున్నవా?” అని నలుగురిలో అడిగితే “ఆ, వేసుకుంటున్న” అనే వస్తుంది. పక్కకు తీసుకుపోయి “స్ట్రిప్ తీసుకురా అక్కా, ఇద్దరం చూద్దాం” అనండి. కొన్న తేదీ చూసి గోలీలు లెక్కపెట్టండి. మీరు చేసే పనుల్లో ఇంతకంటే విలువైనది లేదు, కోప్పడకుండా చేయండి.

ఒక్క పూట తప్పితే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తర్వాతి డోసు దగ్గర పడితే దాన్ని వదిలేయండి. రెండు కలిపి మింగొద్దు. కొన్ని రోజులు తప్పితే డాక్టర్‌కు ఫోన్ చేశాకే మళ్లీ మొదలుపెట్టండి, కొన్ని మందులు మళ్లీ చిన్న డోసు నుంచి ఎక్కించాలి. నిద్రమాత్రలు నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. వాటిమీద మద్యం తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. తాగే అలవాటు ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ఊరికి బయల్దేరేటప్పుడు సెలవులకు పైన నాలుగు రోజులకు ఎక్కువ గోలీలు పెట్టుకోండి. చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచండి. ఇంట్లో ఒక్కరికైనా విషయం తెలియాలి, వదినె కావచ్చు, తమ్ముడు కావచ్చు.

లక్షణం: పండుగ మాటెత్తితేనే గుండె దడ

ఇది ఎక్కువసార్లు డబ్బు టెన్షన్. పత్తి పైసలు చేతికి రాలేదు, యాసంగి నాట్లకు పెట్టుబడి కావాలి, బిడ్డా అల్లుడూ వస్తున్నారు. ఇంతే పెట్టగలమని వాళ్లు రాకముందే ఫోన్‌లో చెప్పేయండి. చెప్పాక చాలామందికి నిద్ర పడుతుంది.

మిగతావి

థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం రక్తపరీక్షతో తేలిపోతాయి, చేయించుకోండి. ఏటా అవే నెలల్లో వచ్చి ఎండాకాలానికి పోతుంటే అప్పుడు నిజంగా చలికాలపు డిప్రెషనేమో మానసిక వైద్యుడు చూస్తారు. మన దగ్గర అది అరుదు.

ఆగకూడని లక్షణం

“నేను లేకపోతేనే మీకు మంచిది” అన్న మాట వింటే పండుగ అయిపోయేదాకా ఆగొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పత్తికి, వరికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసేసి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. 14416 టెలిమానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఏదైనా తాగారనో మింగారనో అనుమానం వస్తే వెంటనే 108. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, డబ్బానో స్ట్రిప్పో వెంట తీసుకుపోండి.