సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు

నల్గొండలోనో పాలమూరులోనో ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన సంచులు బండిని మోసే ఏర్పాటు) ఉన్న పాత బండి చూస్తున్నారా? ఇవి చూశాకే డబ్బు తీయండి.

• ఇంజన్ వేడిగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి వచ్చేయండి. రాత్రంతా చదునైన చోట నిలిపిన బండినే పొద్దున్నే చూడాలి. నాలుగు చక్రాల దగ్గరా ఫెండర్ (చక్రం పైనుండే రేకు) అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. ఒక మూల కుంగితే గాలి ఎక్కడో లీకవుతున్నట్టే. చిన్న లీకుతో పోయే గాలిని భర్తీ చేయడానికి, గాలి నింపే కంప్రెసర్ ఆగకుండా తిరిగి, చివరికి అదీ పోతుంది. ఖర్చు అక్కడే పేలుతుంది.

• స్టార్ట్ చేసి పైకి, కిందికి అన్ని ఎత్తులూ మార్చి చూడండి. డ్యాష్‌బోర్డు లైటు వెలిగితే లోపమేంటో చదివే స్కానర్ పెట్టించాల్సిందే. "సెన్సర్ సార్, మామూలే" అంటే నమ్మకండి.

• సస్పెన్షన్‌లోని గాలి సంచులు తీసేసి మామూలు ఉక్కు కాయిల్ స్ప్రింగులు వేశారేమో అడగండి. వేసి ఉంటే, హైవేలో బండి కిందికి దిగి గాలి నిరోధం తగ్గించుకునే సౌకర్యం పోయినట్టే.

• మైలేజీకి డ్యాష్‌బోర్డు చూపే సగటు అంకెను నమ్మొద్దు. ట్యాంకు నింపి, నార్కట్‌పల్లి–సూర్యాపేట పోయొచ్చి, అదే బంకులో మళ్లీ నింపి లెక్కేయండి. టైర్ల గాలి ముందే సరిచూడండి.

• కింద దూరి చూడాలంటే జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టించండి.