హైవే మీద స్టీరింగ్ కొట్టుకుంటుంటే ఎక్కడ వెతకాలి

"బ్యాలెన్సింగ్ చేయించాను, అలైన్‌మెంట్ చేయించాను, స్టీరింగ్ కుదుపులను మింగే డ్యాంపర్ కూడా కొత్తది వేయించాను. అయినా 80 దాటితే స్టీరింగ్ కొట్టుకుంటూనే ఉంది." ముందు వైపు సాలిడ్ యాక్సిల్ ఉన్న ట్రక్కులు నా దగ్గరికి ఎక్కువగా ఈ మాటతోనే వస్తాయి. ఆ మూడు పనుల్లో ఏదీ తప్పు కాదు. కానీ దేనికోసం చేస్తున్నామో తెలియకుండా చేయిస్తే డబ్బు పోతుంది, జబ్బు ఉండిపోతుంది.

నేను మొదట చూసేది ఒకటే. ఊగుడు వెనక సాధారణంగా రెండు కారణాలుంటాయి. చక్రాన్ని కదిలించేది ఒకటి, ఆ కదలికను అక్కడితో ఆపలేకపోయేది ఇంకొకటి. బ్యాలెన్స్ తప్పిన టైరు, వంగిన డిస్క్ (టైరు కూర్చునే ఇనుప చట్రం), బ్రిడ్జి మీది అతుకు ఇవన్నీ కదిలించేవి. అరిగిన బుష్ (కీలు లోపలి తొడుగు), లూజైన బోల్టు, ప్లే, అంటే ఉండకూడని వదులు, వచ్చిన కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఏ పిన్ను చుట్టూ మళ్ళుతుందో అది) ఆపలేనివి. బ్యాలెన్సింగ్ చేయిస్తే మొదటిది పోయి కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది. రెండోది అలాగే ఉంటే గట్టి గుంత తగిలిన రోజు మళ్ళీ మొదలవుతుంది. అందుకే రెండూ వెతకాలి.

సాలిడ్ యాక్సిల్‌కే ఈ బాధ ఎక్కువ ఎందుకంటే, రెండు ముందు చక్రాలూ ఒకే ఇనుప దూలానికి కట్టి ఉంటాయి. ఎడమ చక్రం గుంతలో దిగితే యాక్సిల్ మొత్తం అటు వాలుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని అలా వాలిస్తే అది ఊరుకోదు, పక్కకు తిరగాలని చూస్తుంది. బొంగరానికి ఉన్న గుణమే ఇది. ఎడమ చక్రం తిరిగితే, రెంటినీ కలిపే టై రాడ్ కుడి చక్రాన్నీ తిప్పుతుంది. కీళ్ళన్నీ బిగుతుగా ఉంటే ఆ కదలిక ఒకటి రెండు ఊపుల్లో చచ్చిపోతుంది. ఎక్కడైనా వదులుంటే ప్రతి ఊపూ తర్వాతి ఊపును పెంచుతుంది. చివరికి స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకున్నంత పనవుతుంది.

అది నడిరోడ్డు మీద మొదలైతే ఏం చేయాలో ముందే చెప్తాను. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి కానీ ఊగుడుకు ఎదురు తిప్పకండి. సడన్ బ్రేక్ వేయకండి, బరువంతా ముందుకు పడి ఊగుడు ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. వేగం మెల్లగా తగ్గనిచ్చి, అవసరమైతే బ్రేకును సున్నితంగా తాకుతూ, పక్కకు తీసి ఆపండి. ఆ తర్వాత ఆ బండిని హైవే ఎక్కించవద్దు. ఒకసారి గట్టిగా ఊగిన బండిలో అప్పటిదాకా బాగున్న కీళ్ళు కూడా దెబ్బతిని ఉండొచ్చు.

డ్రైవర్ చెప్పే మాటలోనే సగం ఉంటుంది

పానా పట్టుకునే ముందు నేను నడిపినవాళ్ళతో మాట్లాడతాను. ఏ వేగంలో మొదలైంది, ఏ వేగంలో ఆగింది? గుంత తగిలాక వచ్చిందా, నున్నటి రోడ్డు మీద దానంతటదే వచ్చిందా? బ్రేక్ వేస్తేనే వస్తోందా? వణుకు తెలుస్తున్నది స్టీరింగ్‌లోనా, సీటులోనా?

నున్నటి రోడ్డు మీద ఒక వేగంలో మెల్లగా మొదలై, ఇంకాస్త పెంచితే తగ్గిపోతుంటే అది చాలావరకు టైరు, డిస్క్ బాపతు. గుంతో అతుకో తగిలాకే మొదలై, వేగం బాగా తగ్గిస్తే గానీ ఆగకపోతే ఎక్కడో ప్లే ఉంది. బ్రేక్ తొక్కినప్పుడే వస్తుంటే ముందుగా బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు చూడాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, ఫ్లోరు మాత్రం జుమ్మని అదురుతుంటే వెనక చక్రాలో, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిరుగుడును అందించే ప్రొపెల్లర్ షాఫ్టో అయి ఉంటుంది.

ఆఖరిదాన్ని లెక్కతో కూడా తేల్చుకోవచ్చు. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. 80 సెంటీమీటర్ల ఎత్తున్న టైరు ఒక చుట్టుకు దాదాపు 2.5 మీటర్లు వెళ్తుంది, అంటే సెకనుకు 10 చుట్లు. స్టీరింగ్ ఎడమకీ కుడికీ కొట్టుకోవడం కంటికి తెలిసేది ఈ లెక్కలోనే. యాక్సిల్ రేషియో 4 ఉంటే, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ నాలుగు చుట్లు తిరిగితే, ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే సమయంలో 40 చుట్లు తిరుగుతుంది. అది ఊగుడులా ఉండదు, సన్నటి గుయ్‌మనే అదురులా ఉంటుంది.

టైర్లు

చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. రెండు ముందు టైర్లలో తేడా ఉంటే ముందు అది సరిచేసి, మళ్ళీ నడిపి చూడండి. డిస్క్ లోపలి వైపు ఎండిన బురద పేరుకుందేమో వేలు పెట్టి తడమండి. చక్రం మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో 50 గ్రాముల బురద అంటుకుని ఉంటే, ఇందాకటి వేగంలో అది దాదాపు 5 కిలోల బలంతో సెకనుకు 10 సార్లు చక్రాన్ని గుంజుతుంది. వేగం రెట్టింపైతే ఆ గుంజుడు నాలుగు రెట్లవుతుంది. తక్కువ వేగంలో ఏమీ తెలియని బండి హైవే ఎక్కగానే గోల పెట్టేది అందుకే.

బ్యాలెన్సింగ్ మెషిన్ బరువు తేడానే చెప్తుంది. టైరు గుండ్రంగా ఉందో లేదో మామూలు మెషిన్ చెప్పదు. దీనికి సుద్దముక్క చాలు. చక్రాన్ని జాకీతో లేపి స్టాండ్ మీద నిలబెట్టండి. సుద్దముక్కను ఏదైనా దిమ్మె మీద ఆనించి, టైరు ముఖానికి తగిలీ తగలనట్టు ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. గీత ఒకేచోట పడుతుంటే అక్కడ ఎత్తు ఉంది. టైరు లోపలి పొర విడిపోయి ఉబ్బితే ఇలాగే దొరుకుతుంది, దాన్ని ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా లాభం లేదు, మార్చాల్సిందే. టైరు పక్క గోడ మీద డిస్క్ అంచును ఆనుకుని సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. ఆ గీతకూ అంచుకూ మధ్య దూరం అంతటా ఒకేలా లేకపోతే టైరు డిస్క్ మీద సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి మళ్ళీ కూర్చోబెట్టాలి.

చక్రాన్ని బిగించే హబ్ ముఖం మీద తుప్పు, పెయింట్ పెచ్చులు ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, చివర టార్క్ రెంచ్ వాడండి.

ఇంకా అనుమానం తీరకపోతే, ముందూ వెనకా సైజు ఒకటే అయితే, ముందు చక్రాలు వెనకకు వేసి నడపండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే దోషి చక్రాల్లోనే ఉంది. నాకు ఈ పరీక్ష మీద ఉన్న నమ్మకం ఏ మెషిన్ మీదా లేదు.

బండి కింద పడుకుని చూడాల్సింది

చాలామంది బండిని లేపి చక్రాన్ని పట్టుకుని ఊపి "ప్లే లేదు" అని తేల్చేస్తారు. కొన్ని లూజులు బరువు నేల మీద ఉన్నప్పుడే బయటపడతాయి. అందుకని ముందు చక్రాలు నేల మీదే ఉంచండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్ చేసి ఉంచాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆపకుండా తిప్పుతుండాలి. మీరు కింద టార్చి పట్టుకుని ఒక్కో కీలు దగ్గరా ఆగి చూడాలి. రెండు ముక్కల మధ్య వేలు ఆనించి ఉంచితే కంటికి కనబడని కదలిక కూడా తెలుస్తుంది. వేలు ఆనించడమే, సందులో పెట్టకూడదు.

కాయిల్ స్ప్రింగులున్న బండి అయితే నేను నేరుగా ట్రాక్ బార్ దగ్గరికి వెళ్తాను. ప్యాన్‌హార్డ్ రాడ్ అన్నా అదే. యాక్సిల్ పక్కకు జరగకుండా చాసిస్‌కు కట్టి ఉంచేది అదొక్కటే. దాని బోల్టు రంధ్రంలో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా యాక్సిల్ మొత్తం అంత జరుగుతుంది. బోల్టు తల చుట్టూ వాషర్ అంచున ఎర్రటి పొడి కనిపిస్తే ఆగి జాగ్రత్తగా చూడండి. అది మట్టి కాకపోవచ్చు. ఇనుము ఇనుము మీద ఒరుసుకుని రాలిన తుప్పు పొడి అలాగే ఉంటుంది. గుడ్డతో తుడిస్తే దాని కింద బ్రాకెట్ అంచు తళతళలాడుతూ కనబడుతుంది. బోల్టు తీసి రంధ్రాన్ని చూస్తే గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఒక పక్కకు సాగి ఉంటుంది. అలాంటి రంధ్రంలో కొత్త బోల్టు వేసి బిగిస్తే కొన్నాళ్ళే ఆగుతుంది. బ్రాకెట్‌ను సరిచేయించాలి, లేదా మార్చాలి. రబ్బరు బుష్ మార్చినప్పుడు బోల్టును ఆఖరి బిగింపు బిగించేది బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

కమాన్ పట్టీల బండ్లలో సాధారణంగా ట్రాక్ బార్ ఉండదు, యాక్సిల్‌ను పట్టుకునేది పట్టీలే. అక్కడ పట్టీలను యాక్సిల్‌కు కట్టే యూ బోల్టులు, పట్టీల మధ్య గుండా పోయే సెంటర్ బోల్టు, పట్టీ చివరను చాసిస్‌కు వేలాడదీసే షాకిల్ పిన్నులు, కమాన్ కంటిలోని బుష్‌లు చూడాలి. యూ బోల్టు పక్కన యాక్సిల్ మీద మెరిసే గీత పడిందంటే యాక్సిల్ జరుగుతోంది. సెంటర్ బోల్టు తెగిందేమో కూడా చూసుకోండి.

తర్వాత స్టీరింగ్ బాక్స్‌కు బిగించి ఉండే పిట్‌మన్ ఆర్మ్, దాని కదలికను చక్రం వైపు మోసే డ్రాగ్ లింక్ చివర్లు, టై రాడ్ ఎండ్లు. టై రాడ్ పైపు మీద ఉండే క్లాంపు బోల్టులను పానాతో తప్పకుండా పట్టి చూడండి. అలైన్‌మెంట్ చేసి వాటిని బిగించడం మరిచిపోయిన బండ్లు నేను చూశాను. స్టీరింగ్ బాక్స్ చాసిస్‌కు కూర్చున్న చోట బోల్టులు లూజున్నాయా, చాసిస్ మీద పెయింట్ పగిలి సన్నటి తుప్పు గీత ఉందా అని చూడాలి. ఆ గీత పగులు కావచ్చు, వెల్డింగ్ తెలిసినవాళ్ళకు చూపించకుండా నడపకండి. బాక్స్ పైనున్న స్క్రూను బిగించి ప్లే తీసేద్దామనే ఆత్రం మాత్రం వద్దు. అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, లోపలి పళ్ళు కూడా పాడవుతాయి.

చక్రం లేపాక

ఇప్పుడు యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపి, స్టాండ్ మీద దించండి. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టకటక వినిపిస్తే ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. ప్లే మాయమైతే వీల్ బేరింగ్‌ది. అలాగే ఉంటే కింగ్ పిన్, మీ బండిలో బాల్ జాయింట్లుంటే అవి. కింగ్ పిన్ పోయిందనుకుని విప్పి చూస్తే బేరింగ్ లూజని తేలే ఖర్చును ఈ చిన్న పరీక్ష తప్పిస్తుంది. తర్వాత టైరు కింద గడ్డపార పెట్టి మెల్లగా పైకి లేపి, నిలువు ప్లే చూడండి. ఎంతవరకు పర్వాలేదో బండి మాన్యువల్‌లో ఉంటుంది, అందాజాగా తేల్చకండి. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు వచ్చే ప్లే ఎక్కువగా టై రాడ్ ఎండ్లదే.

క్యాస్టర్

పై పనులు అయ్యాకే అలైన్‌మెంట్. వదులుగా ఉన్న కీళ్ళ మీద తీసిన కొలత రోడ్డెక్కగానే మారిపోతుంది. స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ మళ్ళుతుందో, అంటే కింగ్ పిన్ గీత, దాని పై భాగం కాస్త వెనక్కి వాలి ఉండటమే క్యాస్టర్. బండి నేరుగా పోయేలా చేసేది అదే. స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచితే చాలా బండ్లలో క్యాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది. కమాన్ పట్టీల కింద పెట్టే వెడ్జ్ (వాలు దిమ్మె) తిరగబడినా అంతే. క్యాస్టర్ ఎక్కువైనా కొన్ని బండ్లలో ఊగుడు మొదలవుతుంది, కాబట్టి "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనుకోకండి. ఎత్తు పెంచాకే ఈ బాధ మొదలైందంటే ముందు క్యాస్టర్‌నీ ట్రాక్ బార్‌నీ చూడండి.

డ్యాంపర్ ఆఖర్న

స్టీరింగ్ డ్యాంపర్ చేసే పని చిన్న చిన్న దెబ్బలను మింగడం. లూజు కీలును బిగించడం దాని పని కాదు. కొత్త డ్యాంపర్ వేస్తే ఊగుడు కొన్ని వారాలు దాక్కుంటుంది, ఈలోగా రంధ్రం ఇంకా సాగుతుంది. ఇది చాలా ప్రమాదం, నమ్మకంతో వేగంగా నడుపుతున్నప్పుడే తిరిగి వస్తుంది. అలాగని అక్కర్లేదనీ కాదు. ఒక చివర విప్పి చేత్తో లాగి నెట్టండి. రెండు వైపులా ఒకేలా బిగువుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారినా, నూనె కారినా మార్చండి.

ఒకేసారి అన్నీ మార్చేయకండి. ఒకటి సరిచేసి, మొదట ఊగిన రోడ్డు మీదే, ముందు తక్కువ వేగంలో, తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ నడిపి చూడండి. విప్పి బిగించిన ప్రతి బోల్టు మీదా, దాని పక్కనున్న ఇనుము మీదా కలిసేలా పెయింట్‌తో ఒక అడ్డ గీత గీయండి. ఒక రోజు నడిపాక మళ్ళీ కింద పడుకుని చూడండి. గీత ఎక్కడ విడిపోయి కనిపిస్తే ఆ బోల్టు కదిలినట్టే. దాన్ని ఊరికే బిగించి వదలకుండా, విప్పి రంధ్రం చూడండి.