డిఫెన్స్‌మన్ కెరీర్‌ని ఎలా చదవాలి? కిమ్మో టిమోనెన్‌తో మొదలుపెట్టండి

ఐస్ హాకీ కొత్తగా చూసేవాళ్లు ఎవరి పేరు విన్నా ముందు గోల్స్ ఎన్ని అని వెతుకుతారు. డిఫెన్స్‌మన్, అంటే ఎదుటి జట్టు గోల్ కొట్టకుండా వెనక ఉండి ఆపే ఆటగాడు, అతని విషయంలో అలా చూస్తే ఏమీ అర్థం కాదు. ఫిన్లాండ్ ఆటగాడు కిమ్మో టిమోనెన్‌నే తీసుకోండి, నాకు ప్రాణం అతని ఆటంటే. ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 1108 మ్యాచ్‌లు, 117 గోల్స్. అంతేనా అనుకుని అతని గణాంకాల పేజీ మూసేయకండి.

ముందు డ్రాఫ్ట్ నంబర్ చూడండి, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు ఎన్నోవాడిగా తీసుకున్నారో. 1993లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ అతన్ని 250వ ఆటగాడిగా తీసుకుంది. ఇప్పుడు ఏడు రౌండ్లలో మొత్తం 224 మందినే తీసుకుంటున్నారు, అంటే ఈ రోజుల్లో ఆ నంబరే లేదు. ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. ఆ కాలంలో డిఫెన్స్‌మన్ అంటే భారీగా ఉండాలి, ఎదుటివాణ్ణి రింక్ చుట్టూ ఉండే గోడకేసి గుద్దాలి అనుకునేవాళ్లు.

తర్వాత, అమెరికా వెళ్లకముందు ఆడిన ఏళ్లు. వీటిని చాలామంది దాటేస్తారు, దాటేయొద్దు. సొంతూరు కువోపియోలో కల్పా, ఆ తర్వాత టీపీఎస్, హెచ్‌ఐఎఫ్‌కే, ఈ చివరి రెండు క్లబ్బులతో 1995లో, 1998లో ఫిన్లాండ్ లీగ్ టైటిల్ గెలిచాడు. 1998లోనే నగానో ఒలింపిక్స్‌లో కాంస్యం కూడా వచ్చింది. ఆ ఏడే కొత్తగా పుట్టిన నాష్‌విల్ టీమ్‌లోకి వెళ్లేటప్పటికి వయసు 23, అప్పటికే పెద్ద మ్యాచ్‌లు ఆడి రాటుదేలినవాడు.

ఇక ఖాళీలు. 2004-05లో ఎన్‌హెచ్‌ఎల్ వరస ఉండదు, అది గాయం కాదు, లాకౌట్ వల్ల, అంటే ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులే ఆట ఆపేయడం వల్ల లీగే జరగలేదు; ఆ సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లు మళ్లీ కల్పాకే ఆడాడు. 2012-13లో మ్యాచ్‌లు తగ్గినట్టు కనిపిస్తాయి, సీజనే 48 మ్యాచ్‌లకి కుదించారు కాబట్టి. 2014-15లో మాత్రం 16 మ్యాచ్‌లే, అవన్నీ షికాగోకి ఆడినవి, ఒక్క పాయింటూ (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒకటి వస్తుంది) లేదు. ఇక్కడ అంకెలు వదిలేసి ఏం జరిగిందో చదవాలి. 2014 ఆగస్టులో అతని కాలిలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు బయటపడ్డాయి, ఇక ఆడడనే అనుకున్నారు, అప్పటి అతని టీమ్ ఫిలడెల్ఫియా ఫిబ్రవరి చివర్లో షికాగోకి ట్రేడ్ చేసింది, అంటే ఇచ్చేసింది. జూన్‌లో షికాగో ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్‌కి ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ జొనాథన్ టేవ్స్ కప్పు తను ఎత్తాక మొట్టమొదట అందించింది టిమోనెన్‌కే. 2010 ఫైనల్‌లో ఫిలడెల్ఫియాకి ఆడుతున్న అతన్ని ఓడించింది ఇదే షికాగో.

ఇప్పుడు వీడియోలు. హైలైట్స్ వద్దు, పూర్తి మ్యాచ్ పెట్టుకుని పక్‌ని (బంతి బదులు వాడే గుండ్రటి రబ్బరు బిళ్ల) వదిలేసి అతన్నే చూస్తూ ఉండండి, మొదట్లో కష్టంగానే ఉంటుంది. పక్ తమ గోల్ వెనక్కి వచ్చినప్పుడు అది అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి ఓ చూపు చూస్తాడా? మీదికొచ్చేవాడు ఎటు వస్తున్నాడో తెలిస్తే పాస్ ఎటు ఇవ్వాలో కూడా అప్పుడే తేలిపోతుంది. ఆ మొదటి పాస్ నేరుగా ఫార్వర్డ్ స్టిక్ మీదికి వెళ్లిందా, లేక గోడకి కొట్టి చేతులు దులుపుకున్నాడా? వెనక్కి స్కేట్ చేస్తున్నప్పుడు ఎదుటివాడికీ తనకీ మధ్య దూరం ఎంత ఉంచుతున్నాడు? టిమోనెన్ లాంటి చిన్న మనిషి బతికిందే ఈ మూడింటి మీద. ప్లస్-మైనస్ అంకె (అతను మంచు మీద ఉన్నప్పుడు జట్టు కొట్టిన గోల్స్‌కీ, ఇచ్చిన గోల్స్‌కీ తేడా) వీటిని చెప్పదు, అందులో గోలీ వాటా, తోటివాళ్ల వాటా కలిసిపోయి ఉంటాయి. మంచు మీద ఆడిన సమయం చూపే కాలమ్ నయం, కోచ్ ఎవర్ని నమ్ముతున్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

మొదటగా 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ కెనడాని 2-0తో ఓడించిన మ్యాచ్ చూడండి. ఫైనల్‌కి ముందు ఏడు మ్యాచ్‌లూ గెలిచి, అన్నిట్లో కలిపి ఐదే గోల్స్ ఇచ్చిన జట్టది. ఆ తర్వాత స్వీడన్‌తో ఫైనల్ చూడండి, 3-2తో ఓడిపోయారు, అయినా పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో ఆటగాళ్లు తక్కువున్నప్పుడు, ఆ మ్యాచ్ మొదటి గోల్ కొట్టింది టిమోనెనే.