గల్ఫ్ కాలేజీలో అమెరికన్ ఎస్సే రాయించడం ఎలా: గుంటూరు, బెజవాడ లెక్చరర్లకు

ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి ఒమానుకో సౌదీకో వెళ్లే లెక్చరర్ల టైంటేబుల్లో చాలాసార్లు ముందుగా కనపడేది కాంపోజిషన్ క్లాసు. సిలబస్ అమెరికా వాళ్లది, పిల్లలు అరబ్బులు, చెప్పేది మనం. పిల్లలకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఎస్సే కుదరడం లేదని మొదటి నెలలో అందరికీ అనిపిస్తుంది. అది సగం నిజమే. అసలు రాత అంటే ఏమిటన్న దాని మీదే ఆ గదిలో మూడు అలవాట్లు ఉంటాయి. ఒకటి అమెరికా టెక్స్ట్‌బుక్కుది, ఒకటి అరబిక్ చదువుది, మూడోది మనది. మన అలవాటు సంగతి బయల్దేరకముందే చూసుకోవాలి.

ఇంటర్‌లో ఎస్సే ప్రశ్నంటే పాఠం సారాంశం. సైడ్ హెడింగులు పెట్టి, గైడులో వాక్యాలు దించి, పేజీలు నింపితే మార్కులు పడతాయి. ‘నువ్వేమంటావు’ అని ఎవరూ అడగరు. అమెరికన్ కాంపోజిషన్‌లో మొదట అడిగేది అదే. అందుకని వెళ్లే ముందు మీరే మూడు ఎస్సేలు రాయండి, ఒక్కొక్కటి 500 మాటలు. విషయం మనూళ్లోదే తీసుకోండి: బెంజి సర్కిల్ ఫ్లైఓవర్లు ట్రాఫిక్ తగ్గించాయా, మిర్చి రైతు యార్డుకు తెచ్చేముందే కాయ గ్రేడు చేసుకోవాలా, స్కూల్లో లెక్కలు తెలుగులో చెప్పాలా ఇంగ్లీషులోనా. మొదటి పేరాలోనే మీ వాదన ఒక్క వాక్యంలో రావాలి. రాసింది వేరొకరికిచ్చి ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే చదవమనండి. అంతమాత్రం చదివి మీ వాదన చెప్పగలిగారా, ఎస్సే నిలబడినట్టు. చెప్పలేకపోతే వాదన పేరాల అడుగున ఎక్కడో దాక్కుంది, మళ్లీ రాయండి. ఇదే పరీక్షను తర్వాత మీ విద్యార్థులకూ పెడతారు.

ఇంకో సంగతి తెలిసి ఉంటే తల తేలిగ్గా ఉంటుంది. ఈ అమెరికన్ పద్ధతి కూడా ఒక చోట, ఒక కాలంలో పుట్టిన అలవాటే. హార్వర్డ్‌లో మొదటి ఏడాది వాళ్లందరికీ రాత కోర్సు స్థిరపడింది 1885లో. గుంటూరు ఏసీ కాలేజీ మొదలైందీ అదే ఏడు, అమెరికా లూథరన్ మిషనరీల చేతుల మీద. అంతకు ముందే, 1866లో, అమెరికా మిషనరీలే బేరూత్‌లో సిరియన్ ప్రొటెస్టెంట్ కాలేజీ పెట్టారు. ఇప్పటి అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ బేరూత్ అదే. మొదట్లో అక్కడ పాఠాలు అరబిక్‌లోనే చెప్పి, తర్వాత ఇంగ్లీషుకు మారారు. కైరోలో 1919లో, షార్జాలో 1997లో అమెరికన్ యూనివర్సిటీలు వచ్చాయి. అంటే అమెరికా కాలేజీ చదువుతో మనకూ వాళ్లకూ ఉన్న పరిచయం ఇంచుమించు ఒకే వయసుది.

ఈ విషయం చదవబోతే అమెరికన్ భాషావేత్త రాబర్ట్ కాప్లాన్ 1966లో వేసిన బొమ్మలు తప్పకుండా ఎదురవుతాయి. ఇంగ్లీషు ఆలోచన తిన్నని గీత, అరబ్బు, హీబ్రూ వాళ్లది పక్కపక్కన సాగే గీతల జోడి, తూర్పుదేశాల వాళ్లది సుడి. వాటిని బోర్డు మీద వేయకండి. ఆయన చూసింది విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన కాగితాలు. వాళ్ల సొంత భాషలో ఎలా రాస్తారో అందులో లేదు. మీ బుర్ర వంకర అని చెబుతున్నట్టు వినపడుతుంది, క్లాసు ఆ రోజే చేజారుతుంది.

మొదటి వారం: ఉత్తరం

డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఒక ఉత్తరం రాయించండి. జబ్బు చేసి పరీక్ష రాయలేదు, మళ్లీ పెట్టమని అడగాలి. ముందు అరబిక్‌లో, తర్వాత ఇంగ్లీషులో. అరబిక్ ఉత్తరం దేవుడి పేరుతో మొదలవుతుంది, సలాము, క్షేమసమాచారం, గౌరవ వాక్యాలు వస్తాయి, ఆ తర్వాత ‘అమ్మా బఅద్’ అన్న మాట వస్తుంది. ‘ఇక ఆపైన’ అని దాని అర్థం. అసలు పని అక్కడి నుంచి మొదలు. మనకిది కొత్తేం కాదు. ‘ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాము, ఉభయకుశలోపరి’ అని పాత ఉత్తరాల్లో ఉండేది కదా. ఆ ఉభయకుశలోపరే అమ్మా బఅద్.

ఆ మాట మీద గీత గీయించి, పైన ఎన్ని పంక్తులున్నాయో, కింద ఎన్నున్నాయో వాళ్ల చేతే లెక్కపెట్టించండి. పైన ఆరు, కింద రెండు ఉన్నా ఆశ్చర్యపోవద్దు. అప్పుడు చెప్పండి: అమెరికన్ ఈమెయిల్లో పై భాగం ఒక పంక్తి, రెండో పంక్తిలో అభ్యర్థన, ఆ తర్వాత కారణం. ఈ తేడా ఎందుకో కూడా చెప్పాలి. అరబిక్ ఉత్తరంలో పలకరింపు దండగ మాటలు కావు. అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య బంధం అక్కడే కడతారు. ఇంగ్లీషులో ఉత్తరం అందుకున్న మనిషికి పని ముందు తెలియాలి. తెలియకపోతే మర్యాద కూడా సాగదీతలా కనపడుతుంది. ‘మీది తప్పు’ అనకుండా ‘ఆ పాఠకుడికి ఇలా కావాలి’ అంటే పిల్లలు తేలిగ్గా పట్టుకుంటారు.

పేరా మరమ్మత్తు

ఎక్కువ సమయం పట్టేది ఇదే. విద్యార్థి రాసే పేరా సుమారుగా ఇలా ఉంటుంది, తెలుగులో పెడితే: “చదువు ముఖ్యం, మరియు చదువు అవసరం, మరియు అది మనసును తెరుస్తుంది, మరియు గుండెలో దీపం వెలిగిస్తుంది, మరియు మన తాతలు చదివారు, మరియు మనం కూడా చదవాలి.” ఇంగ్లీషు కాగితంలో ఆ ‘మరియు’లన్నీ ‘అండ్’లు. దానికి మూలం అరబిక్ ‘వ’. పాత అరబిక్ వచనంలో కామా, ఫుల్‌స్టాప్ చేసే పనిలో చాలా భాగం ఆ ఒక్క అక్షరమే చేసేది, కాబట్టి వాక్యం దానితో మొదలవడం అక్కడ చక్కని రాత.

ప్రతి ‘అండ్’ కింద గీత గీయించండి. ఒక్కోదాని దగ్గర ఆగి అడగండి: ఇక్కడ నువ్వు అనబోయింది ‘ఎందుకంటే’నా, ‘కానీ’నా, ‘అందువల్ల’నా, ‘తర్వాత’నా, లేక వాక్యం అయిపోయిందా? పన్నెండు ఉంటే మూడో నాలుగో మిగలాలి. చెప్పిందే చెప్పడం సంగతి ఆ తర్వాత. ముఖ్యం, అవసరం అని ఒకే మాట రెండు రూపాల్లో జోడించడం అరబిక్‌లో నమ్మకం పుట్టించే పద్ధతి. అమెరికన్ పాఠకుడు రెండోసారికి ‘రుజువేది’ అంటాడు. అందుకని రెండోసారి చెప్పబోయే చోట ఒక మనిషినో, ఒక రోజునో, ఒక అంకెనో పెట్టించండి. “మా నాయనమ్మకు చదువు రాదు. మందు సీసాలు రంగు చూసి గుర్తుపట్టేది. రంగులు మార్చిన రోజు రెండు మోతాదులు తప్పు పడ్డాయి. అందుకే చదువు మా ఇంట్లో ముందు ఆరోగ్యం సంగతి.” పేరా ఇలా మారితే చాలు.

జంటవాక్యాలను పూర్తిగా కోసేయకండి. ఎస్సేకి ఒకటి, చివరి పేరాలో, ఉంచుకోనివ్వండి. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగం నిలబడిందే ఒక వాక్యం తిరగతిరగ చెప్పడం మీద. ఆ పద్ధతి అమెరికాలోనూ ఉందని, కాకపోతే ఎస్సేలో కన్నా వేదిక మీద ఎక్కువని చెప్పండి.

‘మాట్లాడినట్టే రాయండి’ అన్న సలహా మాత్రం ఇవ్వకండి, బెడిసికొడుతుంది. అరబ్బు పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఆమ్మియ్యా, బడిలో రాసేది ఫుస్‌హా. రెండూ చాలా దూరం. మాట్లాడే భాష కాగితం మీద పెట్టడం చదువుకున్నవాడి లక్షణం కాదన్న భావన చిన్నప్పటి నుంచీ ఉంటుంది. గ్రాంథికం, వ్యావహారికం గొడవ, గిడుగు రామమూర్తి గారు పడ్డ పాటు తెలిసినవాళ్లం కాబట్టి ఇది మనకు వివరించి చెప్పక్కర్లేదు.

మూలాలు, పూర్వపక్షం

కాపీ కేసులు ఎక్కువగా వస్తాయి. పెద్దల మాట ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుని అప్పజెప్పడం అక్కడ గౌరవం, మన బట్టీ లాగే. శిక్షతో మొదలుపెడితే దాచడం నేర్చుకుంటారు. ఇస్నాద్‌తో మొదలుపెట్టండి. హదీసులో, అంటే ప్రవక్త మాటల, చేతల కథనంలో, మాట ఒక్కటే ఉండదు. ఎవరు ఎవరి దగ్గర విని చెప్పారో ఆ వరస మొత్తం ముందు ఉంటుంది. ఆ వరస ఇస్నాద్, అసలు మాట మత్న్. వరసలో ఒక కొక్కెం తెగితే ఆ హదీసు దయీఫ్, అంటే బలహీనం. ఈ సంగతి మీరు చెప్పకండి, పిల్లల్నే వివరించమనండి, మీరు వినండి. మీరు ముస్లిం కాకపోతే అది మర్యాద కూడా. ఆ తర్వాత బోర్డు మీద నాలుగు గళ్లు గీయండి: ఎవరు, ఏ ఏడు, ఎక్కడ, ఏ పేజీ. ఒక గడి ఖాళీగా ఉంటే కొక్కెం తెగినట్టే. ఏపీఏ పద్ధతిలో, అంటే మూలాలు చూపే అమెరికన్ పద్ధతిలో, కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అన్నది మరుసటి వారం చూసుకోవచ్చు.

ఖురాన్ వాక్యం రుజువుగా రాస్తే ఎర్ర పెన్ను పెట్టవద్దు. ‘ఈ గ్రంథం నమ్మని పాఠకుడు చదివితే, అతని కోసం పక్కన ఇంకేం పెడతావు’ అని అడగండి.

అవతలి వాదనకు జవాబు రాయించడం అమెరికన్ సిలబస్‌లో కష్టమైన భాగమని పేరు. ఇక్కడ మాత్రం రెండు వైపులా పునాది సిద్ధంగా ఉంది. పాత అరబిక్ శాస్త్రగ్రంథాల్లో ‘ఫ ఇన్ ఖీల’, ‘ఖుల్నా’ అని వస్తాయి: ‘ఇలా అంటారేమో’, ‘మేమంటాం’. మన పూర్వపక్షం, సిద్ధాంతం సరిగ్గా ఇవే. వాళ్లకు ఆ రెండు మాటలు గుర్తుచేసి, ముందు అవతలివాడి పేరా 80 మాటల్లో రాయించండి. తప్పు జరిగేది ఇక్కడే: ఎదుటివాడిని గడ్డిబొమ్మలా నిలబెట్టి ఒక్క దెబ్బకు పడగొడతారు. క్లాసులో నిజంగా ఆ అభిప్రాయం ఉన్న ఒకరు చదివి ‘అవును, నేననేది ఇదే’ అనేదాకా ఆ పేరా అయిపోయినట్టు కాదు.

విషయాలుగా మతం, రాజకుటుంబం, దేశ రాజకీయం, ప్రేమలు, మద్యం వద్దు. కాలేజీ పార్కింగ్, రోడ్డు పక్క చెట్లకు నీళ్లు, సైన్సు అరబిక్‌లోనా ఇంగ్లీషులోనా అన్నవి బాగా నడుస్తాయి.

దిద్దడం

మన చెవి కొన్ని తప్పులు పట్టదు. తెలుగువాళ్లం ‘ఎ’, ‘ది’ రెండూ వదిలేస్తాం. అరబిక్‌లో ‘అల్’ ఉంది కాబట్టి వాళ్లు ‘ది లైఫ్ ఈజ్ డిఫికల్ట్’ అని ‘ది’ ఎక్కువ పెడతారు. ‘ఎ’కు వాళ్ల భాషలో విడిమాట లేదు కాబట్టి అది జారిపోతుంది. ‘ది బుక్ దట్ ఐ రెడ్ ఇట్’లో చివరి ‘ఇట్’ అరబిక్ వ్యాకరణం నుంచి వచ్చింది. ‘ప’ లేని భాష కనుక పార్కింగ్ బార్కింగ్ అవుతుంది. పొట్టి అచ్చులు మామూలుగా రాయని లిపి కనుక స్పెల్లింగ్‌లో అచ్చులు మాయమవుతాయి. క్యాపిటల్ అక్షరాలు వాళ్లకూ లేవు, మనకూ లేవు. వెళ్లేముందు అరబిక్ 28 అక్షరాలు నేర్చుకోండి. పాత గుంటూరులోనో వన్‌టౌన్‌లోనో ఉర్దూ చదువుకున్నవాళ్లు దొరుకుతారు, రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు కూర్చుంటే చాలు. కుడి నుంచి ఎడమకు రాస్తూ మీ చెయ్యి పడే ఇబ్బంది ఇంగ్లీషు రాసేటప్పుడు వాళ్ల చేతికి ఎలా ఉంటుందో చెబుతుంది.

ఇరవై మంది సెక్షన్‌లో ఒక్కో కాగితానికి పావుగంట అంటే ఒక డ్రాఫ్టుకు ఐదు గంటలు. ఎస్సేకి మూడు డ్రాఫ్టులు. మొదటి దాంట్లో గ్రామరు ముట్టుకోకండి, వాదన, వరస చూడండి. రెండో దాంట్లో రెండు రకాల తప్పులు మాత్రమే గుర్తుపెట్టండి. కాగితం ఎర్రగా నిండితే పిల్లవాడు మార్కు చూసి మడిచి పెట్టేస్తాడు. ఒకరి రాత ఒకరు దిద్దే పని పదిమందిలో పెట్టకండి, పరువు పోయిందనుకుంటారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి చదివించి రెండే అడగండి: ఎక్కడ ఆగిపోయావు, ఎక్కడ ఇంకా కావాలనిపించింది. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసిన క్లాసైతే జంటలు వేసేముందు డిపార్ట్‌మెంట్‌లో కనుక్కోండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, ఆ నెలలో క్లాసు సమయం తగ్గుతుంది. కొత్త డ్రాఫ్టు దానికి ముందే తీసుకుని, ఆ నెల ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడడానికి వాడుకోండి.

ఆఖరి వారం మొదటి వారం ఉత్తరం మళ్లీ రెండు భాషల్లో రాయించి, పాతవాటి పక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషు ఉత్తరంలో అభ్యర్థన రెండో పంక్తికి వచ్చి ఉండాలి. అరబిక్ ఉత్తరంలో అమ్మా బఅద్ పైన ఉన్న ఆరు పంక్తులు ఆరూ అలాగే ఉండాలి. అవి కూడా తగ్గిపోయి ఉంటే వచ్చే సెమిస్టర్ ఉత్తరం పాఠానికి ఇంకో క్లాసు పెంచి, పలకరింపు ఎందుకన్న భాగం ఇంకాస్త వివరంగా చెప్పండి.