లెక్సింగ్టన్ ఓడలో స్కౌట్ పిల్లలతో ఒక రాత్రి

టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ ఒడ్డున నిలిపి ఉన్న యూఎస్ఎస్ లెక్సింగ్టన్ 1943లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక. 1991లో నౌకాదళ సేవ నుంచి విరమించింది, 1992 నుంచి మ్యూజియం. పిల్లల బృందాలు రాత్రికి నావికుల బంకుల్లోనే, అంటే ఒకదానిపై ఒకటి అమర్చిన ఇరుకు మంచాల్లోనే, పడుకోవచ్చు. హ్యూస్టన్, ఆస్టిన్‌ల నుంచి కారులో మూడున్నర గంటల దారి. డాలస్ నుంచి ఆరు గంటల పైనే కాబట్టి, శుక్రవారం బడి వదిలాక బయల్దేరే ఆలోచన మానుకోండి.

ముందు పెద్దల సంగతి. స్కౌటింగ్ నియమం ప్రకారం 21 ఏళ్లు నిండి, నమోదైన పెద్దలు కనీసం ఇద్దరుండాలి. ఆడపిల్లలు వస్తుంటే ఆ పెద్దల్లో ఒకరు మహిళ కావాలి. స్కౌటింగ్ ఆరోగ్య పత్రాల్లో ఎ, బి భాగాలు నింపించి, అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఇన్‌హేలర్, అలర్జీ ఇంజెక్షన్ లాంటివి కారులో వదిలేయకూడదు.

సామాను మెత్తని సంచుల్లోనే సర్దించండి. ఓడ మెట్లు దాదాపు నిచ్చెనలే, చక్రాల సూట్‌కేసుతో ఎక్కబోతే వెనకవాళ్లందరూ ఆగిపోతారు. దిగేటప్పుడు మెట్లవైపు ముఖం పెట్టి, ఒక చెయ్యి ఖాళీగా ఉంచి, ఒక్కొక్కరే దిగాలి. గుమ్మాలకు ఇనుప గడపలు మోకాలి దాకా ఉంటాయి. పరుగెత్తే పిల్లాడికి దెబ్బ తగిలేది అక్కడే. అందుకే చెప్పులు వద్దు, బూట్లే.

బంకులు మూడు అంతస్తులు. లేచి కూర్చునేంత ఎత్తుండదు, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే తల తగులుతుంది. నిద్రలో దొర్లేవాళ్లకు కింది బంకు ఇవ్వండి. స్లీపింగ్ బ్యాగ్, చిన్న టార్చ్, స్వెట్టర్ తప్పనిసరి. ఇనుప గోడల మధ్య ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. కలుసుకునే చోటు ముందే చెప్పి, పిల్లల్ని జంటలుగా విడదీసి, ప్రతి మెట్ల దగ్గరా తలలు లెక్కపెట్టండి. దీపాలు ఆర్పకముందే అందరినీ బాత్రూమ్ దాకా ఒకసారి నడిపించి తీసుకురండి. పగలు తెలిసిన దారే అయినా చీకట్లో కొత్తగా ఉంటుంది.

శాకాహారుల సంఖ్య బుకింగ్‌లోనే రాయించండి. బయటి తిండి లోపలికి తేవచ్చో లేదో అడిగి, కాదంటే ఎక్కకముందే తినిపించేయండి. పులిహోర అయితే నలుగురైదుగురు పిల్లలకు అరకిలో బియ్యం సరిపోతుంది. వేరుశెనగ పప్పు మాత్రం వేయకండి. అలర్జీ ఎవరికుందో ఆఖరి నిమిషంలో తెలుస్తుంటుంది. పెరుగన్నం ఆ ఎండలో ఐస్ పెట్టె లేకుండా నిలవదు.

విమానాల దగ్గర గైడు చెప్పేది వింటూ నిలబడితే పదేళ్లవాళ్లు పది నిమిషాల్లో విసుగెత్తిపోతారు. ఒక ప్రశ్న ఇచ్చి వదలండి: ఇంత ఇరుకు ఓడలో ఒక్కో విమానం చోటెలా ఆదా చేసింది? ఏ-6 ఇంట్రూడర్ రెక్కలు పైకి మడుచుకుంటుంది. 53 అడుగుల వెడల్పు మడిస్తే దాదాపు 25. ఎఫ్-14 టామ్‌క్యాట్ రెక్కల్ని వెనక్కి లాక్కుంటుంది. ఏ-4 స్కైహాక్ రెక్కల దగ్గర మడత కీలు కోసం వెతకమనండి. ఎంత వెతికినా దొరకదు. దాని వెడల్పే ఇరవై ఏడున్నర అడుగులు, మడవాల్సిన పని లేదు. ఫ్లైట్ డెక్ (విమానాలు ఎగిరే, దిగే పై అంతస్తు) మీదికి ఎక్కేముందు టోపీలు సంచిలో పెట్టించండి, సముద్రపు గాలికి నిలవవు.

పొద్దున దిగేటప్పుడు పెద్దల్లో ఒకరు ఆఖరున ఉండి, ప్రతి బంకు పరుపు కిందా టార్చ్ వేసి చూడాలి. కళ్లజోళ్లు, పళ్లకు పెట్టుకునే రిటైనర్లు ఎక్కువగా దొరికేది అక్కడే.